క్రిస్మస్ మిక్స్‌లో ఏ పాట ఉంచాలి, ఏది తీసేయాలి: మా పాలమూరు ఇంట్లో తేలిన లెక్క

పోయిన ఏడు 24 రాత్రి, అందరూ తిన్నాక బగారన్నం గిన్నె ఇంకా హాల్లోనే ఉండగా, స్పీకర్‌లోంచి 'కదిలింది కరుణరథం' మొదలైంది. 1978 నాటి 'కరుణామయుడు' సినిమాలోది. పాటకు వంక పెట్టడానికేం లేదు, కానీ అది సిలువ మోసుకుపోయే పాట, గుడ్ ఫ్రైడే నాడు వినేది. పిల్లాడు పశువుల తొట్టిలో పుట్టి గంట కూడా కాలేదు, మేమేమో ఆయన్ని అప్పుడే కల్వరి కొండ ఎక్కించేశాం. పెద్దమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటోంది, బావ నా వైపు అదోలా చూస్తున్నాడు, పిల్లలు కేక్ ఎప్పుడు కోస్తారని అడుగుతున్నారు. తప్పు నాదే. 'తెలుగు జీసస్ సాంగ్స్' అని వెతికి, వచ్చిన యాభై పాటలనూ వినకుండానే లిస్టులో పడేశాను.

అందుకే ఈసారి నవంబర్‌లోనే కూర్చున్నా. ఒక్కో పాటకు మూడు నాలుగు వర్షన్లు విని, ఇంట్లోవాళ్ళ మీద ప్రయోగాలు చేసి తేల్చుకున్నవి రాస్తున్నా. అన్నీ మీ ఇంటికి సరిపోకపోవచ్చు. నా కొలత మాత్రం ఒకటే: ఆ పాట మొదలైతే గదిలో ఎవరి నోరు కదులుతుంది? ఎవరిదీ కదలకపోతే అది కారులో వినే పాట, ముగ్గురు నలుగురివి కదిలితే ఇంట్లో పెట్టే పాట. అందుకే రెండు లిస్టులు చేశా. హైదరాబాద్ నుంచి మహబూబ్‌నగర్ దాదాపు వంద కిలోమీటర్లు, షాద్‌నగర్, జడ్చర్ల మీదుగా పండగ ట్రాఫిక్‌లో రెండున్నర గంటలు, దానికొకటి. 24 రాత్రి ఇంటికి ఇంకొకటి. ఇదివరకు రెండింటికీ ఒకే లిస్టు వాడేవాణ్ణి, కారులో అంత బాగున్న పాట ఇంటికొచ్చేసరికి ఎందుకు చప్పబడిపోతుందో అర్థమయ్యేది కాదు.

ముందు పెద్ద తగువు తేల్చుకుందాం: పాత కీర్తనలా, కొత్త పాటలా? మా దిక్కు, అంటే పాలమూరు, వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, అటు దేవరకొండ దాకా, ఎం.బి. చర్చిలు ఎక్కువ. ఎం.బి. అంటే మెన్నొనైట్ బ్రదరెన్, ప్రొటెస్టెంట్లలో ఒక శాఖ, వాళ్ళ మిషనరీలు ఇటువైపు వచ్చి నూరేళ్ళు ఎప్పుడో దాటింది. మా ఇంట్లో పెద్దవాళ్ళకు 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకం అంటే ప్రాణం. నాయనమ్మ దగ్గరున్నదానికి అట్ట ఊడిపోతే పాత క్యాలెండర్ కాగితం చుట్టి దారంతో కుట్టుకుంది. ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆమెకు రాగాల పేర్లతో ఎప్పుడూ పని లేదు, ఇప్పుడు చూపు తగ్గాక అక్షరాలతో కూడా లేదు, పుస్తకం ఒళ్ళో పెట్టుకుని దాని వైపు చూడకుండానే చరణాలన్నీ పాడేస్తుంది.

'శ్రీ యేసుండు జన్మించె రేయిలో' తీసుకోండి. నాకు దొరికినవాటిలో మూడు రకాలున్నాయి: హార్మోనియం, తబలాతో ఏదో చర్చి క్వయర్ పాడింది, కీబోర్డు, రిథమ్ ప్యాడ్లతో స్టూడియోలో చేసింది, డీజే మిక్స్. మొదట డీజేది పెట్టి చూశా. నాయనమ్మ మొదటి వరుస అందుకుంది, రెండోదానికి ఊపిరి తీసుకునేలోపు పాట మూడో వరుసకు పోయింది. "గిదేం ఉరుకుడురా, ఎన్కనుంచి ఎవరన్న తరుముతున్నరా?" అంది. స్టూడియోదాంట్లో వేగం సరిపోయింది గానీ చరణానికీ చరణానికీ మధ్య నిమిషం పాటు ఫ్లూటు, వయొలిన్లు. ఆమె అంతసేపు ఎదురుచూడాలి, ఈలోపు మిగతావాళ్ళు భూముల రేట్ల గురించి మాటల్లో పడి పాటను మర్చిపోతారు. హార్మోనియంతో ఉన్నది పాత రికార్డింగ్, గరగర ఉంది, ఒకచోట వెనక ఎవరో దగ్గారు కూడా. కానీ దానితోనే నలుగురు కలిశారు. అదే ఉంచా. 'చింత లేదిక యేసు పుట్టెను', 'రక్షకుండుదయించినాడట' కూడా ఈ లెక్కనే ఎంచా, మధ్యలో ఉత్త సంగీతం పదిహేను సెకన్లు దాటితే ఆ వర్షన్ అవతలికి.

అలాగని డీజే పాటల్ని మొత్తంగా తీసిపారేయలేం. ట్రాలీ ఆటో మీద రెండు పెద్ద బాక్సులు, ముందు కాగితపు స్టార్, జారిపోతున్న గడ్డాన్ని ఒక చేత్తో పట్టుకుని ఇంకో చేత్తో చాక్లెట్లు పంచే క్రిస్మస్ తాత, ఇలా బస్తీ బస్తీ తిరిగే క్యారల్స్ రౌండ్లలో చరణం ఎవరికి వినపడుతుంది చెప్పండి? అక్కడ దరువు కావాలి. 'బేత్లెహేములో సందడి' డప్పు మీద పడితే వీధి చివర పడుకున్నవాడు కూడా లేచి గేటు దగ్గరికొస్తాడు. పిల్లల కోసం ఇంట్లో ఒక్కటే తెలుగు పాట పెట్టాలన్నా నా ఓటు దానికే. మిగతా మాటలు రాకపోయినా 'సందడి' వచ్చిన ప్రతిసారీ మా మూడేళ్ళది గొంతు చించుకుంటుంది.

ఇక ఇంగ్లిషా తెలుగా అన్న గొడవ. ఇది ఎక్కువగా 'సైలెంట్ నైట్' దగ్గర వస్తుంది. దాని తెలుగు రూపం 'శుద్ధరాత్రి' పెద్దవాళ్ళందరికీ నోటికొచ్చు. ఇంగ్లిష్ మీడియం పిల్లలకు మాత్రం అందులో మాటలు ఎక్కవు, గ్రాంథికం కదా, మా చెల్లె కూతురు మొదటి వరుసలో రెండో మాటకే ఆగిపోయి "అంటే ఏంటి మామయ్యా" అంది, నేను కూడా తడుముకున్నా. ఈ పాటకు వందల వర్షన్లున్నాయి. ఏది తీసుకోవాలో తెలియాలంటే అది ఎట్లా పుట్టిందో గుర్తుపెట్టుకుంటే చాలు. 1818 డిసెంబర్ 24న, ఆస్ట్రియాలో సాల్జ్‌బర్గ్ దగ్గరి ఓబెర్న్‌డార్ఫ్ ఊళ్ళో, యోసెఫ్ మోర్ అనే ఫాదర్ అంతకు రెండేళ్ళ ముందు రాసుకున్న మాటలకు ఫ్రాంజ్ గ్రూబర్ అనే బడిపంతులు బాణీ కట్టాడు, ఆ రాత్రే ఇద్దరూ ఒక్క గిటారు పెట్టుకుని పాడారు. (ఎలుకలు చర్చి ఆర్గన్‌ను కొరికేశాయి కాబట్టే గిటారు తీశారని ప్రతి ఏడూ వాట్సాప్‌లో వస్తుంది, దానికి ఆధారం లేదు.) రెండు గొంతులు, ఒక వాయిద్యం, అంతే. కాబట్టి సాక్సోఫోన్ ఏడుపులున్నవి, చివర్లో డ్రమ్ములు బద్దలయ్యేవి పక్కన పెట్టి, గిటారు ఒక్కటే ఉన్నదాన్ని కారు లిస్టులోకి తీసుకున్నా.

ఇంటి లిస్టు కోసం మాత్రం అసలు పాడినదాన్నే పెట్టలేదు. ఈ ఏడు నాకు తట్టిన మంచి ఉపాయం ఇదే, మీరు వేరే ఏదీ పాటించకపోయినా ఇదొక్కటి చేసి చూడండి. 'శుద్ధరాత్రి'ది 'సైలెంట్ నైట్' బాణీయే కదా, అందుకని గొంతు లేని ఉత్త ట్రాక్ పెడితే నాయనమ్మ తెలుగులో, పిల్లలు ఇంగ్లిష్‌లో ఒకేసారి పాడొచ్చు. రికార్డులో ఎవరో పాడుతుంటే ఆ భాష రానివాళ్ళు నోరు మూసుకుంటారు, ట్రాక్ అయితే ఎవరి మాటలు వాళ్ళవి. మొన్న ఆదివారం పెట్టి చూశాం, కాస్త గజిబిజిగా వినపడింది, కానీ హాల్లో ఉన్న తొమ్మిది మందీ పాడారు, ఎప్పుడూ పెదవి కదపని నాన్నతో సహా. 'ఓ కమ్ ఆల్ యీ ఫెయిత్‌ఫుల్'కు 'ఓ సద్భక్తులారా', 'హార్క్ ద హెరాల్డ్'కు 'దూత పాట పాడుడీ', ఈ రెండు జతలకూ ఇదే పని చేస్తుంది. రెంటిలో ఒకటే పెట్టాలంటే 'ఓ సద్భక్తులారా' పెట్టండి, దాంట్లో పల్లవి తిరిగి తిరిగి వస్తుంది కాబట్టి చరణం రానివాడు కూడా అక్కడికొచ్చి కలుస్తాడు. 'దూత పాట' చరిత్ర గొప్పదే, 1739లో చార్లెస్ వెస్లీ రాసిన మాటలకు 1840 నాటి మెండెల్సన్ సంగీతాన్ని 1855లో ఇంకొకాయన తెచ్చి అతికించాడు, కానీ అది నిలబడి గట్టిగా పాడే చర్చి పాట. అన్నం తిని గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళ చేత పాడించడం కష్టం.

ట్రాక్ ఎంచేటప్పుడు శ్రుతి చూసుకోండి. దొరికేవాటిలో చాలా మటుకు క్వయర్ ఆడవాళ్ళ గొంతుకు పెట్టినవి, ఇంట్లో మగవాళ్ళు పై స్థాయికి పోలేక కీచుమంటారు. పరీక్ష చేయాలంటే మొదటి వరుస పాడి చూడటం దండగ, అది ఎవరికైనా వస్తుంది. 'సైలెంట్ నైట్' ఉంది చూడండి, ఎక్కాల్సిన మెట్టూ దిగాల్సిన మెట్టూ రెండూ చివరి రెండు వరుసల్లోనే ఉంటాయి. అవి పాడి చూసి, గొంతు పట్టేస్తే పిచ్ మార్చే కరోకే యాప్‌లో రెండు మెట్లు కిందికి దించుకోండి. మాకు రెండు సరిపోయాయి.

మా వదినది నల్లగొండ, కేథలిక్ కుటుంబం. అక్కడ మేత్రాసనం, అంటే బిషప్ కింద ఉండే చర్చి ప్రాంతం, 1976లోనే ఏర్పడింది, ఆమె పెరిగిందంతా ఆ గుడి క్వయర్‌లోనే. పెళ్ళైన మొదటి డిసెంబర్‌లో మేం ఒకటో తారీఖు నుంచే క్రిస్మస్ పాటలు మోగిస్తుంటే ఆమెకు వింతగా ఉండేదట. వాళ్ళకు 24 దాకా ఆగమన కాలం, ఎదురుచూసే రోజులు, ఆ ఆదివారాల పూజలో గ్లోరియా, అంటే దేవుణ్ణి మహిమపరిచే పాట, పాడరు. అర్ధరాత్రి పూజలో గంటలు మోగుతుంటే అది తిరిగి వస్తుంది. మేమేమో సెమీ క్రిస్మస్ పేరుతో 15వ తారీఖుకే కేక్ కోసేసే రకం. దీని మీద ఇంట్లో కొంత వాదన జరిగింది, ఎవరూ గెలవలేదు, కానీ లిస్టుకు మాత్రం మేలైంది. 24 రాత్రి లిస్టును ఇప్పుడు రెండు ముక్కలు చేశా. పన్నెండుకు ముందు 'ఓ కమ్ ఓ కమ్ ఇమ్మానుయేల్' లాంటి నిదానమైన, ఎదురుచూసే పాటలు. పన్నెండు కొట్టగానే 'ఏంజెల్స్ వి హ్యావ్ హర్డ్ ఆన్ హై'. ఫ్రెంచివాళ్ళ పాట అది, అందులో 'గ్లోరియా' అన్న ఒక్క మాటను మెలికలు తిప్పి తిప్పి ఎంతో దూరం లాగుతారు. పిల్లలకు దాన్ని ఒక్క ఊపిరితో ఎవరు లాగుతారన్న పందెం పెట్టా. నిరుడు పదేళ్ళ వాడు మొహం ఎర్రగా చేసుకుని గెలిచాడు, వెంటనే మంచినీళ్ళు తాగించాల్సి వచ్చింది.

చర్చి పాటలు కానివాటి దగ్గరికి వస్తే నాకు మొహమాటం తక్కువ. 'జింగిల్ బెల్స్' ఒక్కసారి చాలు, అది కూడా తాత వేషం గుమ్మంలో అడుగుపెట్టినప్పుడే. 1857లో జేమ్స్ పియర్‌పాంట్ అచ్చువేయించినప్పుడు దాని పేరే వేరు, మంచు మీద గుర్రపు బండి షికారు పాట అది. యేసు లేడు, క్రిస్మస్ అన్న మాట కూడా లేదు. ఇది చెప్పి పిల్లల మనసు విరిచేయకండి, దానికి బదులు 1965 డిసెంబర్‌లో జెమిని 6 వ్యోమగాములు నోటి హార్మోనికా, చిన్న గంటలతో దాన్ని అంతరిక్షంలోంచి వాయించారని చెప్పండి. మావాళ్ళు ఆ తర్వాత మూడుసార్లు పెట్టించుకున్నారు, ఒక్కసారి చాలని నేను రాసింది అక్కడికే గాలికి పోయింది.

'మేరీస్ బాయ్ చైల్డ్' విషయంలో హ్యారీ బెలఫాంటేదా, బోనీ ఎం.దా అంటే నేను రెండూ ఉంచా, వేర్వేరు చోట్ల. బెలఫాంటేది 1956 నాటిది, మెత్తగా, కథ చెప్పినట్టు నడుస్తుంది. 25 మధ్యాహ్నం మటన్ కూర తిని అందరూ చాపల మీద వాలినప్పుడు దానికి మించింది లేదు. బోనీ ఎం. 1978లో దాన్నే డిస్కో ఊపులోకి తెచ్చి వెనక ఇంకో పాట అతికించారు. నాన్న దగ్గర దాని క్యాసెట్ ఉండేది, టేప్ నలిగి ఒకచోట గొంతులు సాగిపోయేవి, ఇప్పటికీ ఆ చోటు రాగానే ఆయన తెలియకుండానే సాగదీసి పాడతాడు. ఇల్లు నిండా జనం ఉన్నప్పుడు అదే.

'వైట్ క్రిస్మస్' కారు పాట. జడ్చర్ల దాటాక పొద్దున్నే పొలాల మీద పొగమంచు చూస్తూ వినాలి, మనకున్న మంచు అదే మరి. ఇక్కడో చిన్న సంగతి: బింగ్ క్రాస్బీ దాన్ని మొదట రికార్డు చేసింది 1942లో, కాపీలు తీసీ తీసీ ఆ మాస్టర్ అరిగిపోతే 1947లో మళ్ళీ అదే పద్ధతిలో పాడించారు. మనకు మామూలుగా వినపడేది ఆ రెండోది. 'ఓ హోలీ నైట్' కూడా కారులోనే, దాంట్లో పై స్వరం అందుకునేవాళ్ళు మా వంశంలో పుట్టలేదు.

వామ్‌వాళ్ళ 'లాస్ట్ క్రిస్మస్' (1984) గొప్పదా, మరాయా కేరీ 'ఆల్ ఐ వాంట్ ఫర్ క్రిస్మస్ ఈజ్ యూ' (1994) గొప్పదా అని మా తమ్ముడి బ్యాచ్‌లో ప్రతి ఏడూ కొట్లాట. రెండూ నిదానంగా పైకొచ్చినవే, మరాయాది అమెరికాలో నంబర్ వన్ అయింది 2019లో, వామ్‌ది బ్రిటన్‌లో ఏకంగా 2021 జనవరిలో. నా కొలతతో చూస్తే 'లాస్ట్ క్రిస్మస్' గెలుస్తుంది. దాని బాణీ మామూలు గొంతుకు అందుతుంది, మరాయా పైకి పోయే చోట అందరూ ఆగిపోయి నవ్వుతారు. కానీ అది ప్రేమ విఫలమైనవాడి పాట. ఒక సంబంధం దాదాపు ఖాయమై తప్పిపోయిన ఏడు తమ్ముడు అదే పాటను రాత్రంతా తిప్పి తిప్పి పెట్టుకుంటే, అర్థం తెలుసుకున్న అమ్మ స్పీకర్ తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది. ఇంటి లిస్టులో రెండూ లేవు.

ఇంగ్లిష్‌వాటిలో ఇంటికి తప్పకుండా తీసుకోమని చెప్పేది 'లిటిల్ డ్రమ్మర్ బాయ్'. 1941లో క్యాథరిన్ డేవిస్ రాసింది. ఇవ్వడానికి ఏమీ లేని పేద పిల్లాడు బాలయేసు ముందు తన డోలు వాయిస్తాడు, అంతే కథ. డప్పు ఉన్న ఊళ్ళకు దీన్ని విడమరిచి చెప్పక్కర్లేదు. 1977లో బింగ్ క్రాస్బీ, డేవిడ్ బౌవీ కలిసి పాడింది వినడానికి చాలా బాగుంటుంది గానీ అందులో రెండు పాటలు ఒకదానిమీద ఒకటి నడుస్తాయి, డప్పు పట్టుకున్నవాడు తికమకపడతాడు. 1958 నాటి హ్యారీ సిమియోన్ బృందం పాడినదాంట్లో దరువు తేటగా, నిదానంగా ఉంటుంది. బావ మొదట చేత్తో చాప మీద కొట్టాడు, రెండోసారికి లోపలికెళ్ళి డప్పు తెచ్చి గ్యాస్ పొయ్యి మీద వేడి చేశాడు.

లిస్టు చేశాక చేయాల్సిన చాకిరీ కొంత ఉంది. గంటన్నరకు ఇరవై రెండు, ఇరవై మూడు పాటలు చాలు, అంతకు మించితే ఎవరూ వినరు. పాత రికార్డింగులు చిన్నగా, కొత్తవి పెద్దగా మోగుతాయి, ఒకదాని తర్వాత ఒకటి వస్తే ముసలివాళ్ళు ఉలిక్కిపడతారు, అందుకని యాప్‌లో అన్ని పాటల సౌండ్ సమానంగా ఉంచే సెట్టింగ్ ఆన్ చేసుకోండి. పాటలన్నీ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, 24 రాత్రి అందరూ వీడియో కాల్స్‌లో ఉంటారు కాబట్టి నెట్ నత్తనడక నడుస్తుంది. ఉచితంగా వచ్చే యాప్ మీద మాత్రం ఆధారపడకండి. రెండేళ్ళ కింద పాస్టర్ గారు మా ఇంటికొచ్చి ప్రార్థన చేస్తుంటే వెనక మెల్లగా ఉత్త సంగీతం పెట్టా, ఆయన "తండ్రీ, ఈ ఇంటిని..." అనగానే స్పీకర్‌లోంచి ఒక ఆడ గొంతు హైవే పక్కన ప్లాట్లు, గజం ఇంత, త్వరపడండి అని అందుకుంది. ఆయన కళ్ళు తెరవలేదు గానీ భుజాలు ఊగాయి. ఆ మరుసటి రోజే డబ్బు కట్టేశా.

ప్రస్తుతానికి ఇంటి లిస్టు ఇరవై రెండు దగ్గర ఆగింది. చివరిది 'శుద్ధరాత్రి' ట్రాక్, రెండు మెట్లు దించింది. నాయనమ్మ ఇంకొక మెట్టు దించమంటోంది, వదిన ఇంకో గ్లోరియా పెట్టమంటోంది, తమ్ముడు నా ఫోన్ తీసుకుని 'లాస్ట్ క్రిస్మస్' రెండుసార్లు కలిపాడు, రెండుసార్లూ తీసేశా.